కుందేళ్ళ యూనిట్: ముందు ఆ జీవి గుణం తెలుసుకుందాం

అరకులోయ ప్రాంత లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

పనులు మానుకుని కొండ దిగి వచ్చారు. మీ సమయం వృథా చెయ్యను.

ఇక్కడ యూనిట్ తీసుకున్నవాళ్ళు ఉన్నారు, తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళూ ఉన్నారు. మామూలుగా ఇలాంటి సమావేశంలో ముందు అప్పు, రాయితీ, కాగితాలు మాట్లాడతాం. ఈరోజు అవి చివర్లో చెబుతాను. ముందు కుందేలు గురించి మాట్లాడుకుందాం. ఎందుకో చెబుతాను, వినండి.

పోయిన చలికాలం, వలిసెల పూత రోజుల్లో, ఒక ఊర్లో ఒక అక్క దగ్గర మొదటి ఈత. ఏడు పిల్లలు పుట్టాయి. అక్క పొద్దున్నుంచి చూస్తోంది. పిల్లలు పెట్టెలో ఉన్నాయి, తల్లి బోనులో ఇంకో మూల కూర్చుంది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, తల్లి పిల్లల దగ్గరకు పోలేదు. "ఇది పాలివ్వట్లేదు, చంపేస్తుంది" అనుకుంది అక్క. పిల్లల్ని తీసి బుట్టలో పెట్టి, పొయ్యి పక్కన ఉంచి, దూదితో ఆవుపాలు పట్టింది. రాత్రంతా నిద్రపోలేదు పాపం. మూడో రోజుకి ఒక్కటీ మిగల్లేదు.

నాకు ఫోన్ చేసి, "సార్, ఈ తల్లి మంచిది కాదు, మార్చి ఇవ్వండి" అంది. నేను వెళ్ళి చూశాను. తల్లి పొదుగు పాలతో గట్టిపడి ఉంది. తల్లిలో లోపం లేదు, అక్క ప్రేమలోనూ లోపం లేదు. తప్పు నాది. యూనిట్ ఇచ్చిన రోజు బోను గురించి, దాణా గురించి గంటసేపు చెప్పాను. కుందేలు తల్లి పగలు పిల్లల దగ్గరకు రాదని ఒక్క మాట చెప్పలేదు. ఆ మాట, అలాంటివే ఇంకొన్ని మాటలు ఈరోజు చెప్పడానికి వచ్చాను.

అడవి చెవులపిల్లి వేరు, పెంపుడు కుందేలు వేరు

మీలో చాలామంది "మాకు కుందేలు తెలీదా సార్" అంటారు. నిజమే. ఇటుకల పండగ వేట కబుర్లు మీ తాతల నోట విన్నవాళ్ళే మీరంతా. కానీ మన కొండల్లో కనిపించే చెవులపిల్లి, బోనులో పెంచే కుందేలు ఒకటి కావు. దగ్గరి చుట్టాలంతే.

అడవి చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డి దుబ్బు కింద చిన్న పల్లం చేసుకుని పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరిచి పుడతాయి. పుట్టిన కాసేపటికే కదలగలవు. ఆపద వస్తే దాని ధైర్యమంతా కాళ్ళలోనే, పరుగే దానికి రక్ష.

పెంపుడు కుందేలు పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. అది నేలలో బొరియ తవ్వుకుని గుంపుగా బతికే జీవి. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని, వేలెడంత ఎర్రటి ముద్దల్లా పుడతాయి. ఒక్కోటి 40 నుంచి 60 గ్రాములు ఉంటుంది. తనంతట తాను వెచ్చగా ఉండలేదు. బొరియలోని వెచ్చదనం, చీకటి, తోబుట్టువుల ఒంటి వేడి వల్లే బతుకుతుంది. బోనులో ఆ బొరియ ఉండదు కాబట్టి దాని బదులు మనం పెట్టె పెట్టాలి.

ఇంకో ముఖ్యమైన మాట. అడవి చెవులపిల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. దాన్ని పట్టి తెచ్చి యూనిట్‌లో కలపడం నేరం. పైగా ఈ రెండింటికీ జత కలిసినా పిల్లలు పుట్టవు.

దాని బతుకంతా భయంతోనే

కుందేలును అందరూ తినేవాళ్ళే. కుక్క, పిల్లి, ముంగిస, పాము, గద్ద, నక్క. అందుకే దాని ఒళ్ళంతా కాపలాకే తయారైంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. వెనక నుంచి వచ్చేవాడు కూడా కనిపిస్తాడు. కానీ సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం కనిపించదు. అందుకే ముఖం ముందు సడన్‌గా చెయ్యి పెడితే ఉలిక్కిపడుతుంది. పక్కనుంచి, మాట్లాడుతూ వెళ్ళండి.

ఆపద అనిపిస్తే వెనక కాలితో నేలను దబ్బున కొడుతుంది. బొరియలో ఉన్నవాటికి అది హెచ్చరిక. రాత్రిపూట మీ షెడ్డులోంచి ఆ దబ్బు దబ్బు శబ్దం వస్తే, పడుకుని ఉండకండి. టార్చి పట్టుకుని వెళ్ళండి. పామో, పిల్లో, ఎలుకో వచ్చి ఉంటుంది.

ఎత్తేటప్పుడు చెవులు పట్టి ఎత్తకండి. సంతలో అలా ఎత్తడం చూస్తుంటాం, అది తప్పు. దాని వెనక కాళ్ళలో బలం ఎక్కువ, వెన్నెముక సన్నం. గాల్లో గట్టిగా తన్నుకుంటే దాని వెన్ను అదే విరగ్గొట్టుకుంటుంది. మెడ మీది వదులు చర్మం ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పిరుదుల కింద పెట్టి బరువంతా ఆ చేతి మీదే మోయాలి.

ఈ భయం నుంచే ఇంకో గుణం వచ్చింది. కుందేలు తన జబ్బును దాచుకుంటుంది. మేక అరుస్తుంది, కోడి ముడుచుకుంటుంది. కుందేలు మాత్రం చివరిదాకా మామూలుగానే కూర్చుంటుంది. బలహీనంగా కనిపిస్తే వేటాడేది ముందు దాన్నే పట్టుకుంటుంది కదా. అందుకే "నిన్న బాగానే ఉంది సార్, ఇవాళ చచ్చిపోయింది" అంటారు మీరు. నిన్న కూడా బాగా లేదు. మనకు కనిపించలేదంతే.

తల్లి, పిల్లలు

ఇప్పుడు ఆ అక్క విషయానికి వద్దాం. తల్లి రోజంతా పిల్లల దగ్గర కూర్చుంటే ఆ వాసనకు నక్క నేరుగా గూటికే వస్తుంది. అందుకే తల్లి దూరంగా ఉంటుంది. రోజుకు ఒకసారి, ఎప్పుడైనా రెండుసార్లు, ఎక్కువగా రాత్రి లేదా తెల్లవారుజామున పెట్టెలోకి దిగుతుంది. మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి వచ్చేస్తుంది. పిల్లలకు ఆ కాసేపే చాలు. కుందేలు పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవు పాలలో కంటే మూడింతలు ఉంటాయి. వారం తిరిగేసరికి పిల్ల బరువు రెట్టింపవుతుంది. ఆవుపాలతో అది సాధ్యం కాదు.

మరి పాలు తాగాయో లేదో ఎలా తెలుస్తుంది? తల్లిని చూడకండి, పిల్లల పొట్టలు చూడండి. రోజూ పొద్దున ఒక్కసారి చేతులు కడుక్కుని, పెట్టెలోని గడ్డిని చేతులకు రుద్దుకుని చూడండి. పొట్ట గుండ్రంగా, చర్మం నున్నగా ఉంటే పాలు తాగినట్టే. పొట్ట లోపలికి పోయి, చర్మం ముడతలు పడి, ముట్టుకోగానే తల పైకెత్తి వెతుక్కుంటుంటే ఆకలితో ఉన్నట్టు. అప్పుడు తల్లిని మెల్లగా పెట్టెలో దించి ఐదు నిమిషాలు పట్టుకుంటే పిల్లలే పాలు అందుకుంటాయి. రెండు మూడు రోజుల తేడాలో ఈనిన ఇంకో తల్లి ఉంటే కొన్ని పిల్లల్ని దాని కిందకు మార్చవచ్చు. చచ్చిన పిల్ల ఉంటే వెంటనే తీసేయండి.

పిల్లలకు 10 నుంచి 12 రోజుల్లో కళ్ళు తెరుచుకుంటాయి. మూడో వారంలో పెట్టె దాటి వచ్చి ఆకు కొరకడం మొదలుపెడతాయి. నాలుగు నుంచి ఆరు వారాల్లో తల్లి నుంచి వేరు చేయవచ్చు. మూడు నెలలు నిండేసరికి మగవాటిని విడదీయండి. లేకపోతే ఒకదాన్నొకటి చీరుకుంటాయి.

కొన్నిసార్లు తల్లి పిల్లల్ని తినేస్తుంది. "రాక్షసి" అని తిట్టకండి. ఈనేటప్పుడు నీళ్ళు అందకపోయినా, కుక్క మొరిగి బెదిరినా, పదిమంది వచ్చి పెట్టెలోకి తొంగి చూసినా అలా జరుగుతుంది. ఈత రోజుల్లో చుట్టాలకు చూపించడం మానేయండి. పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు లీటరు నీళ్ళు కావాలి.

జత కట్టించడం, చూలు

ఆవు, మేక ఎదకు వచ్చినప్పుడే చూలు నిలుస్తుంది. కుందేలు అలా కాదు. జత కట్టిన తర్వాతే, దాదాపు పది పన్నెండు గంటలకు, దాని కడుపులో అండం విడుదలవుతుంది. అందుకే దాదాపు ఎప్పుడైనా జత కట్టించవచ్చు. కానీ ఒక నియమం ఉంది. ఆడదాన్ని మగదాని బోనులోకి తీసుకెళ్ళాలి, మగదాన్ని ఆడదాని బోనులోకి కాదు. ఆడ కుందేలు తన చోటును కాపాడుకుంటుంది, లోపలికి వచ్చినవాణ్ణి కరుస్తుంది. పొద్దునో సాయంత్రమో చల్లపూట తీసుకెళ్ళండి. పని కొన్ని క్షణాల్లో అయిపోతుంది. మగది పక్కకు ఒరిగి పడిపోతుంది. మూర్ఛ వచ్చిందని కంగారు పడకండి, అది మామూలే.

ఆడవాటికి ఐదారు నెలలు నిండాక, ఒంట్లో సత్తువ చూసి జత కట్టించండి. చూలు 30 నుంచి 32 రోజులు. జత కట్టిన తేదీని గోడ మీదో క్యాలెండర్ మీదో రాయండి. 26, 27వ రోజుకు మెత్తటి ఎండుగడ్డితో పెట్టె పెట్టండి. ఈనేముందు తల్లి తన పొట్ట మీది వెంట్రుకలు పీకి గూడు పరుస్తుంది. అది గజ్జి కాదు. పిల్లలకు దుప్పటి వేస్తోందంతే, పైగా చనుమొనలు కూడా బయటపడతాయి. ఒకవేళ 17వ రోజు ప్రాంతంలోనే వెంట్రుకలు పీకితే అది ఉత్తుత్తి చూలు. మళ్ళీ జత కట్టించవచ్చు.

ఏడాదికి ఎన్ని ఈతలు వస్తే అంత లాభం అని ఎవరైనా చెబితే నమ్మకండి. తల్లికి విశ్రాంతి ఇస్తూ ఐదారు ఈతలు తీసుకుంటే చాలు. అంతకు మించి ఆశపడితే తల్లి చిక్కిపోతుంది, పిల్లలు నిలవవు.

పళ్ళు, కడుపు

కుందేలు పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. నమిలి అరగదీసుకోవాలి. ఎండుగడ్డి, పీచు లేకపోతే పళ్ళు వంకరగా పెరిగి నోరు మూసుకోలేక ఆకలితో చస్తుంది. ఊరికే బోను కొరుకుతుంటే పీచు తక్కువైందేమో చూడండి. వెదురు బోను చవకే, మన దగ్గర దొరుకుతుంది, కానీ నెలలో కొరికేస్తుంది. లోపలి వైపు ఇనుప జాలీ తప్పనిసరి.

తెల్లవారుజామున కుందేలు తన వెనక నుంచి ఏదో నోటితో అందుకుని తినడం చూసి కొందరు అసహ్యపడి, జబ్బు అనుకుని మందు అడిగారు. అది జబ్బు కాదు. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టి గుండ్రటివి కింద పడతాయి. మెత్తగా, ద్రాక్ష గుత్తిలా జిగురుగా ఉండేవి నేరుగా నోటితో తీసుకుని మింగుతుంది. వాటిలో విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. ఆవు నెమరు వేసినట్టు ఇది దాని పద్ధతి. ఆపకూడదు.

కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది కింది నుంచే పోవాలి. కాబట్టి పేగు ఆగితే ప్రాణం ఆగినట్టే. మేత విషయంలో ఇవి గుర్తుంచుకోండి:

• పచ్చిమేత, ఎండుగడ్డి ప్రధానం. దాణా తోడు మాత్రమే.
• దశరథ గడ్డి, స్టైలో, అలసంద తీగ, చిలగడదుంప తీగ, వేరుశనగ కట్ట, మునగ ఆకు, అవిసె ఆకు మంచివి. సుబాబుల్ కొద్దిగా మాత్రమే.
• బంగాళాదుంప ఆకు, టమాటా ఆకు, ఆముదం ఆకు, వయ్యారిభామ, లంటానా వద్దు. మందు కొట్టిన తోటలో గడ్డి అసలు వద్దు.
• వర్షంలో తడిసిన గడ్డి, మంచు కారుతున్న గడ్డి అలాగే వేయకండి. కోసి, పరిచి, వాడాక వేయండి.
• మేత మార్చాలంటే వారం రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి.
• కుందేలు సందెవేళ, రాత్రి, తెల్లవారుజామున తింటుంది. ఎక్కువ మేత సాయంత్రమే వేయండి.

మన కొండలు: మేలు, కీడు

అరకు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. కుందేలుకు ఇది మంచి చోటు. దానికి చెమట పట్టదు. ఒంటి వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోతుంది. 15 నుంచి 25 డిగ్రీలు దానికి హాయి. 30 దాటితే రొప్పుతుంది. బాగా ఎండ దెబ్బ తగిలితే మగవాటికి కొన్ని వారాలపాటు పిల్లలు పుట్టించే శక్తి తగ్గిపోతుంది. మైదానంలో వేసవి గడవడం కష్టం. కుందేళ్ళ మీద పనిచేసే కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ దక్షిణాది కేంద్రం కూడా కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులోనే ఉంది. వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా జాతులు అక్కడ పెంచుతారు.

ఇక కీడు. చలికి పెద్ద కుందేలు తట్టుకుంటుంది. తడికి, ఈదురుగాలికి తట్టుకోదు. గాలి వచ్చే వైపు గోనె పట్టా కట్టండి, కానీ షెడ్డు మొత్తం మూసేయకండి. మూసేస్తే మూత్రం ఘాటు నిలిచి ఊపిరితిత్తులు పాడవుతాయి. మీరు లోపలికి వెళ్ళగానే మీ కళ్ళు మండితే కుందేలుకు అంతకంటే ఎక్కువ మండుతున్నట్టే. బోను నేలకు మూడడుగుల ఎత్తున ఉంచండి.

రోజూ రెండు నిమిషాల పరీక్ష

అరవని జీవిని పెంచేవాళ్ళు కళ్ళతోనే వినాలి. పొద్దున ప్రతి బోను దగ్గర నాలుగు చూడండి. రాత్రి వేసిన మేత తిందా? కింద పెంటికలు గుండ్రంగా, మామూలుగా ఉన్నాయా? ముక్కు, ముందు కాళ్ళ లోపలి వైపు పొడిగా ఉన్నాయా? చెవి లోపల శుభ్రంగా ఉందా?

ఒక పూట మేత మానేసి, పెంటికలు పడకపోతే రేపు చూద్దాం అనుకోవద్దు. ఆరోజే కబురు చేయండి. ముక్కు కారుతూ ముందు కాళ్ళతో తుడుచుకుంటుంటే ఊపిరితిత్తుల జబ్బు, వేరే చోట ఉంచండి. చెవిలో గోధుమ రంగు పొక్కు కడితే గజ్జి పురుగు. పారుడు పట్టి పిల్లలు వరసగా పోతుంటే కాక్సిడియోసిస్ కావచ్చు. బోను కింద పెంటికలు రోజూ ఎత్తేయండి.

సొంత వైద్యం మాత్రం వద్దు. మనుషుల గోళీలు, మేకల మందులు కుందేలుకు వేయకండి. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటి మందులు దాని పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి, కుందేలునే చంపుతాయి. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కూడా ప్రమాదమే. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయండి, లేదా మీ రైతు సేవా కేంద్రంలో చెప్పండి.

అప్పు, బీమా

కిసాన్ క్రెడిట్ కార్డు పంటలకే అనుకుంటారు. పశుపోషణకు కూడా ఇస్తారు. రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లో గొర్రెలు, మేకలు, పందులు, కోళ్ళతోపాటు కుందేళ్ళ పేరు కూడా ఉంది. ఒక్కరుగా, ఉమ్మడిగా, స్వయం సహాయక సంఘంగా అడగవచ్చు. షెడ్డు సొంతదైనా, అద్దెదైనా పరవాలేదు. ఇది మేత, మందులు, కూలి లాంటి నడిపే ఖర్చులకు ఇచ్చే అప్పు. 2 లక్షల రూపాయల వరకు వడ్డీ రాయితీతో 7 శాతం వడ్డీ. గడువులోపు కడితే ఇంకో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఒక్క వాయిదా దాటితే ఆ లాభం పోతుంది.

జాతీయ పశుసంపద మిషన్ కింద ఇచ్చే పశుబీమా జాబితాలోనూ కుందేలు ఉంది. 2024లో చేసిన మార్పు ప్రకారం ప్రీమియంలో లబ్ధిదారు వాటా 15 శాతం, మిగతాది ప్రభుత్వాలు భరిస్తాయి. మీ మండలంలో నమోదు ఎప్పుడో పశువైద్యాధికారిని అడగండి. బీమా ఉన్న జీవం చనిపోతే పాతిపెట్టకముందే కబురు చేయాలి. తర్వాత చెబితే కాగితం ఉండదు, డబ్బు రాదు.

ఇంకో హెచ్చరిక. "జత కుందేళ్ళు మా దగ్గర ఎక్కువ ధరకు కొనండి, పిల్లల్ని మేమే మంచి రేటుకు కొనుక్కుంటాం" అని వచ్చేవాళ్ళు ఉంటారు. డబ్బు తీసుకుని మాయమైపోతే బోనుల్లో పిల్లలు పెరుగుతుంటాయి, కొనేవాడు ఉండడు. అమ్మకం ఎక్కడో తేల్చుకున్నాకే కొనండి. ముందు మూడు ఆడవి, ఒక మగదితో మొదలుపెట్టి, ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక పెంచుకోండి.

మీరు అడిగిన ప్రశ్నలు

*కోళ్ళతో కలిపి పెంచవచ్చా?* వద్దమ్మా. కోళ్ళ దుమ్ము, కుందేలు ముక్కుకు మంచిది కాదు. కోళ్ళ దాణాలో కలిపే కొన్ని మందులు కుందేలుకు విషం. దాణా సంచులు కూడా విడిగా పెట్టండి.

*కుదరకపోతే అడవిలో వదిలేయవచ్చా?* వద్దు. చాలావరకు మొదటి రాత్రే కుక్కల పాలవుతాయి. బతికితే ఇంకో చిక్కు. 1859లో ఆస్ట్రేలియాలో ఒకాయన వేట సరదాకు రెండు డజన్ల కుందేళ్ళను వదిలాడు. అవి కోట్లకు పెరిగి దేశం పచ్చికను తినేశాయి. వద్దనుకుంటే మాకు చెప్పండి, ఇంకో సంఘానికి అప్పగిద్దాం.

*ఎరువు పనికొస్తుందా?* బాగా పనికొస్తుంది. పెంటికలు గట్టిగా, పొడిగా ఉంటాయి. కూరగాయల మడికి, మిరియాల పాదుకు, కాఫీ మొక్క మొదట్లోకి వేసుకోవచ్చు. అమ్మకం లేని నెలలో కూడా ఇది మీకు మిగిలేదే.

చివరిగా ఒక మాట. ఆ అక్క కథ అక్కడితో ఆగలేదు. నెల తిరక్కుండానే అదే తల్లికి మళ్ళీ జత కట్టించాం. ఈసారి ఆరు పిల్లలు. ఈనిన మర్నాడు పొద్దున అక్క ఫోన్ చేసి, "సార్, తల్లి మూలనే కూర్చుంది. పొట్టలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి" అంది. ఆరింటిలో ఐదు నిలిచాయి. అదే బోను, అదే దాణా, అదే తల్లి. మారింది ఆ ఒక్క విషయం తెలియడమే.

ఈ పాఠాన్ని మీ సంఘం గ్రూపులో పంపండి. ఫోన్ లేని అక్కలకు చదివి వినిపించండి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్ళలో మీ భాషలో చెప్పండి. యూనిట్ వచ్చిన రోజు కాదు, రాకముందే చెప్పండి.